మూడు గంటల లెక్క

ఉండి రోడ్డులో మా షెడ్డు.
ఏరియేటర్లు చేస్తాం. ఊపిరాడని చెరువుకి
నీళ్ళని చరిచి చరిచి గాలి మింగించే చక్రాలు.
వాటిని బిగించడానికి మా ఫిట్టర్లు
మ్యాపు మీద నేను వేలితో వెతుక్కునే రేవులకి వెళ్తారు.
ఎవరు ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో
రాసిపెట్టుకోవడం నా ఉద్యోగం.

గాదిరాజుగారు మొదట నవ్వారు.
"రొయ్యల చక్రాలు బిగించేవాడి మీద
బాంబెవడేస్తాడమ్మా?"
వాడి మీద వెయ్యరండీ,
వాడు టీ తాగుతున్న చోట వేస్తారు, అన్నాను.
నవ్వు ఆపి ఇన్సూరెన్సు కాగితం మీద సంతకం పెట్టారు,
ప్రీమియం అంకె కింద రెండుసార్లు గీత గీసి.

అప్పట్నుంచి ఎవరికి టికెట్ వచ్చినా
నా బల్ల ముందు అరగంట కూర్చోవాలి.
రోడ్డు వైపు గది వద్దు.
ఆరో అంతస్తు దాటొద్దు, నిచ్చెన అందదు.
కంపెనీ పేరున్న టీషర్టు ఇక్కడే విప్పేసి వెళ్ళు.
గాజు తలుపు పక్క కుర్చీ ఎంత చల్లగా ఉన్నా కూర్చోకు.
నిన్న పోయిన దారిన ఇవాళ పోకు,
చేప నడిచే దారి తెలిసినవాడే
మావు కడతాడు.

గుబ్బల ఏసుపాదం అన్నీ విని
"మరి పనెప్పుడు చెయ్యమంటారు మేడమ్?" అన్నాడు.

రోజుకి రెండు మెసేజీలు. మాట మాత్రం మనది.
"నాలుగుంది" అంటే క్షేమం.
"రెండుకి పడింది" అంటే నేను లేచి నిలబడాలి.
తెల్లారగట్ల మూడింటికి గట్టు మీద వంగి
ఆక్సిజన్ మీటరు ముంచే కాపలావాడి భాష.
మూడోవాడెవడు చదివినా
నీళ్ళ సంగతే అనుకుంటాడు.

ఖాదర్‌వలీ దాకా ప్రమాదం రానేలేదు.
దిగిన చోటే, పేరు చూసి,
కిటికీ లేని గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టారు.
బయటికొచ్చి ఫోన్ చేశాడు: "నాలుగుందండీ."
గొంతులో నాలుగు లేదు.
నా ఫారంలో ప్రమాదాలకి ఏడు గళ్ళు.
ఇది ఏ గడిలో పట్టాలో తెలియక
వెనక పేజీలో పెన్సిల్‌తో రాశాను.

ఆ మధ్యాహ్నం ముసురు.
యనమదుర్రు డ్రెయిన్ వాసన ఆఫీసులోకొచ్చి కూర్చుంది.
టీవీ అడుగున ఎర్ర పట్టీలో ఓ ఊరి పేరు పరిగెత్తింది.
ఏసుపాదం ఉన్న ఊరు.
చేపల బజారట.
వాడు రోజూ పొద్దున్నే అక్కడే చాయ్ తాగేవాడని
నాకు తెలుసు. వద్దని రెండుసార్లు చెప్పాను.
మూడోసారి చెప్పలేదు,
"మన నరసాపురం రేవులా ఉంటదండీ" అన్నాక.

ఫోన్ కలవదు. హోటలు ఎత్తదు.
వాడి భార్య ధనకోటి రొయ్యలు వలిచే షెడ్డులో ఉంది,
చేతులకి గ్లోవ్సు, లాకర్లో ఫోను.
నిజం తేలేదాకా ఇంటికి కబురు వద్దు,
ఆ రూలు నేనే రాశాను.
రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.

నలభై ఒక్క నిమిషాలు.

"నాలుగుంది."
వెనకే ఇంకోటి, మా భాషలో కాదు:
"కడుపు పాడై గదిలోనే ఉండిపోయాను.
చాయ్ ఇచ్చే కుర్రాడు కనపట్టం లేదు."

సాయంత్రం ధనకోటికి అంతా చెప్పాను.
తిడుతుందనుకున్నాను.
గ్లోవ్సు విప్పి, నానిపోయిన వేళ్ళు చూసుకుంటూ
"అంతసేపు మీరొక్కరే ఎలాగున్నారండీ?" అంది.

గాదిరాజుగారు ఫోన్లో
"మనవాళ్ళంతా క్షేమమేగా?" అన్నారు.
ఆ మొదటి మాట దగ్గర కాసేపు ఆగి
ఊఁ అన్నాను.

ఫారంలో కొత్త వరుస చేర్చాను: చేపల బజార్లు వద్దు.
భీమవరంలో కూర్చుని
చేతులారా టైపు చేశాను ఆ ముక్క.
తర్వాత వెనక పేజీ తిప్పి, ఖాదర్‌వలీ కింద, పెన్సిల్‌తో:
చాయ్ కుర్రాడు. పేరు అడగలేదు.
మూడు దాటింది. లెక్క రాలేదు.